చాప మీదికి వచ్చినది

పోయిన వారం సియేని తన దీవిలోని సాతులే ఊళ్ళో బస్సు దిగుతుండగా ఆగాం. అపియా పట్నంలో ఆమె పనులన్నీ అయిపోయాయి. ఊపిరితిత్తుల ఎక్స్‌రే బాగానే వచ్చింది. ఏ కేసూ లేదని పోలీసులు కాగితం ఇచ్చారు. ఇసుక బస్తా భుజాన వేసుకుని మైదానం చుట్టూ పరుగెత్తమంటే మగవాళ్ళలో సగంమందిని దాటింది. ఆస్ట్రేలియాలో ఆపిల్ తోటల పనికి వీసా రావాలంటే ఇక ఒక్కటే మిగిలింది. ఊరి పెద్ద తుయిమావె "ఈ పిల్లకు మా ఊరు పూచీ" అనాలి. సోమవారం పేర్లు పట్నం వెళ్ళిపోతాయి.

ఆ పూచీ ఎందుకంత కష్టమైందో కూడా చెప్పుకున్నాం. రెండేళ్ళ కిందట అవే తోటలకు వెళ్ళిన ఆమె తమ్ముడు ఫలనికో ఒక ఉదయం పడక మీద కనిపించలేదు. పారిపోయాడన్నారు. ఒకడు పారిపోతే ఆ ఊరివాళ్ళెవరికీ పని ఇవ్వరు. సాతులేలో ఒక్కరికీ వీసా రాకుండా పోయింది. తర్వాత వానలు వెనకబట్టిన రోజుల్లో మేనత్త అకెనేసే, పిల్లవాడు చనిపోయినట్టు కల వచ్చిందని చెప్పి సముద్రపు ఒడ్డున మొగలి ఆకుల చాప పరిచింది. పరాయిచోట పోయినవాడి శరీరం దొరకనప్పుడు ఆ దీవిలో పెద్దలు చేసే పని అది. పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి కూర్చుంటారు. చాప మీదికి ఏ పురుగు వచ్చినా తోసేస్తారు. మళ్ళీ వస్తే మళ్ళీ తోసేస్తారు. మూడోసారి కూడా అదే వస్తే అది తమవాడే. చాపలో చుట్టి ఇంటి ముందు పాతిపెడతారు.

వచ్చింది ఒక జెర్రి. ఇప్పుడు ఇంటి ముందు నల్లరాళ్ళ కుప్ప కింద ఉన్నది అదే. చనిపోయినవాడు పారిపోయినవాడు కాడు కనుక, ఊరు పూచీ ఇస్తే మళ్ళీ చూద్దామని పట్నంవాళ్ళు మెత్తబడ్డారు.

చాప పరిచిన రోజు సియేని ఊళ్ళో లేదు. పట్నంలో బట్టల దుకాణంలో పని చేస్తోంది. కబురు విని వచ్చేసరికి రాళ్ళు పేర్చడం కూడా అయిపోయింది.

*

శనివారం మధ్యాహ్నం తుయిమావె గోడలు లేని తన పెద్ద ఇంట్లో స్తంభానికి ఆనుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. సియేని నడుం వంచి, తల దించి లోపలికి వచ్చింది.

"కూర్చోవే. నిలబడి ఉంటే నీ మోకాళ్ళతో మాట్లాడాల్సి వస్తుంది నేను."

ఆమె కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

"బస్తా మోసి మగవాళ్ళను దాటావటగా?"

"సగంమందినే, పెద్దయ్యా."

"ఆ సగంలో మన ఊరివాళ్ళు లేరని చెప్పు. ఈ పూట నేను తాగే కోకో సహిస్తుంది."

ఆమె నవ్వలేదు. ఆయనే కాసేపు నవ్వుకుని విసనకర్ర పక్కన పెట్టాడు.

"రేపు చర్చి అయ్యాక పెద్దలందరూ ఇక్కడే భోజనం చేస్తారు. నువ్వు వచ్చి వాళ్ళ మధ్య కూర్చుని ఒక మాట చెప్పాలి."

"ఏం మాట పెద్దయ్యా?"

"నా తమ్ముడు చనిపోయాడు, అని. అంతే. అది చెప్పగానే నీ పేరు నేను పంపిస్తా."

"అత్త చెప్పింది కదా అప్పుడే."

"మేనత్త చెబితే అది కబురు. మూడిళ్ళవాళ్ళు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. జెర్రులు ఎక్కడ లేవు, రోజూ నా చెప్పులో ఒకటి ఉంటుంది, దానికీ సమాధి కట్టమంటారా అని ఒకడన్నాడు. అక్క చెబితే ఇక ఎవరూ నోరెత్తరు."

ఆయన చెప్పింది నిజమే. ఆ దీవిలో అన్నదమ్ముల మీద అక్కచెల్లెళ్ళ నోటికి ఉన్న బలం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అక్క తిట్టినవాడి వలలో చేప పడదంటారు. అక్క పొమ్మన్నవాడు మళ్ళీ గడప చూడడంటారు. ఎంత కోపం వచ్చినా తమ్ముడి విషయంలో అక్కలు పెదవి బిగపడతారు. ఫలనికో కనిపించకుండా పోయిన నాటి నుంచి సియేని "వాడు లేడు" అంటూ వచ్చింది. లేడు అనడం వేరు. చనిపోయాడన్న మాట ఆమె నోటి నుంచి ఇంతవరకు రాలేదు.

"ఇంకోటి," అన్నాడు తుయిమావె. "సోమవారం సిమెంటు పంపిస్తా. ఎన్నాళ్ళని రాళ్ళ కుప్పగా ఉంచుతారు? నున్నగా పోయించి పైన సున్నం కొట్టిద్దాం. మీ వాడికి మర్యాద, ఊరికీ మర్యాద."

"సరే పెద్దయ్యా," అంది సియేని. వాడు చనిపోయాడనే ఆమె నమ్మింది. ఉన్నమాట చెప్పడానికి భయమెందుకు అనుకుంది.

*

దారిలో సీమపనస చెట్టు కింద, రాతి గోడ మీద ఎతువాలె కూర్చుని ఉన్నాడు. ఫలనికో ఈడువాడు. పొరుగూరి తరఫున ఆస్ట్రేలియా పనికి వెళ్ళి, నిన్ననే ఫెర్రీ దిగాడు. ఎర్రటి కొత్త బూట్లు వేసుకున్నాడు.

"ఏరా, ఆ బూట్లేంటి? ఊళ్ళో పీతలన్నీ దడుచుకుంటాయి," అంది సియేని.

వాడు నవ్వకుండా లేచి నిలబడ్డాడు. "అక్కా, నువ్వు ఒంటరిగా దొరుకుతావని ఇక్కడే కూర్చున్నాను. నిన్న మీ ఇంటి ముందు రాళ్ళు చూశాను. చూసిన దగ్గర్నుంచి అన్నం సహించట్లేదు."

"చూస్తే ఏమైంది?"

"నేను వాణ్ణి చూశానక్కా. పోయిన నెల."

సియేని గోడ పట్టుకుంది.

"తోటలు దాటి చాలా దూరం పోతే ఒక ఊరుంది. కూరగాయలు సర్దే షెడ్డు వెనక ఎండలో నిలబడి ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి కౌగిలించుకున్నాను. ఒళ్ళు నూతిలోంచి తీసిన రాయిలా చల్లగా ఉంది. అంత ఎండలో."

"నిన్ను గుర్తుపట్టాడా?"

"పట్టాడు. నవ్వాడు కూడా. ముందు మాట ఏమన్నాడో తెలుసా? నన్నెందుకు తోశారురా అన్నాడు."

సముద్రం మీద నుంచి గాలి వస్తోంది. సీమపనస ఆకులు కదులుతున్నాయి. ఎతువాలె గొంతు తగ్గించాడు.

"తెల్లగా, వెడల్పుగా ఏదో కనిపించిందట. ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారట. ఎక్కితే ఇల్లు చేరినట్టనిపించిందట. అంతలో కర్రతో తోసేశారట. మళ్ళీ ఎక్కితే మళ్ళీ తోశారట. మూడోసారి ఎవరూ తోయలేదు, అప్పట్నుంచి పగలు కూడా చీకటేరా అన్నాడు. చొక్కా ఎత్తి చూపించాడక్కా. పక్కటెముకల మీద రెండు చారలున్నాయి."

"ఇక్కడ చాప పరిచారని వాడికి నువ్వు చెప్పావా?"

"నాకే నిన్న తెలిసింది, ఫెర్రీ దిగాక. లేకపోతే నాకీ పిచ్చిమాటలెందుకు? మనిషి ఏ మందో తాగి చెడిపోయాడనుకుని నేనూ ఊరుకున్నాను."

వాడికి ఎవరో ఫోనులో చెప్పి ఉంటారు అనుకుంది సియేని. తనకు తానే రెండుసార్లు చెప్పుకుంది.

"ఇంటికి వచ్చెయ్యరా అని చెయ్యి పట్టుకుని లాగాను," అన్నాడు ఎతువాలె. "అదేంటిరా, నేను ఇంట్లోనే ఉన్నాను కదా, అన్నాడు."

*

అకెనేసే ఇంటి ముందు కొబ్బరి ఈనెల చీపురుతో ఊడుస్తోంది. ఆదివారానికి ముందు రోజు ప్రతి ఇంటి ముందూ అదే పని. రాళ్ళ కుప్ప చుట్టూ గులక పోసి, ఆ గులకను కూడా సర్దింది. కోళ్ళు పెరడంతా కెక్కరిస్తూ తిరుగుతున్నాయి కానీ కుప్ప దరిదాపులకు రావడం లేదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి సియేని గమనించలేదు.

"అత్తా, వాడు బతికే ఉన్నాడా?"

చీపురు ఆగలేదు. "ఎవరు చెప్పారు? ఆ ఎర్ర బూట్లవాడా?"

"నేను నిన్ను అడుగుతున్నాను."

"గొంతు తగ్గించవే. పక్కింటివాళ్ళకు చెవులున్నాయి, పనులే లేవు."

సియేని వెళ్ళి చీపురు పట్టుకుంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు.

"చాప పరిచేటప్పటికి నీకు తెలుసా?"

"తెలుసు. పారిపోయిన వారమే ఫోను చేశాడు. తోటలో ఉండలేకపోయానత్తా, వేరేచోట బతుకుతాను, అక్కతో చెప్పకు అన్నాడు. చెప్పొద్దన్నాడు, చెప్పలేదు."

"మరి చాప ఎందుకు పరిచావు?"

"ఎందుకా?" అకెనేసే చీపురు వదిలేసింది. "ఊరంతా కలిసి వల లాగి చేపలు పంచుకునేటప్పుడు మన ఇంటి పేరు ఆఖర్న పిలిచేవాళ్ళు. అప్పటికి తలకాయలే మిగిలేవి. చర్చిలో నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. నువ్వు పట్నంలో గుడ్డలు మడతపెట్టుకుంటున్నావు, నీకేం తెలుసు? నీకు వీసా రావాలి. ఈ ఊళ్ళో పిల్లలందరికీ రావాలి. ఒక్కణ్ణి చచ్చాడనుకుంటే ఇంతమంది బతుకుతారు. వాడికి పోయేదేముంది అనుకున్నాను."

"బతికున్నవాణ్ణి పిలిచావా?"

"ఏ చీమో పాకుతుంది, చుట్టేసి లేచొద్దామనుకున్నానే. బతికున్నవాడి ఆత్మ ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ ఊరంతా చుట్టూ కూర్చుని చూస్తున్నారు. పేరు పెట్టి పిలవకపోతే ఎలా? పిలిచాను."

ఆమె సముద్రం వైపు చూసింది.

"అది నీళ్ళ వైపు నుంచి వచ్చింది సియేనీ. జెర్రి ఎక్కడైనా సముద్రంలోంచి వస్తుందా? ఒళ్ళంతా తడి. తోశాను. మళ్ళీ వచ్చింది. ఈసారి పోవాలని గట్టిగా తోశాను, చచ్చినా సరే అని తోశాను. మళ్ళీ వచ్చింది. వచ్చి చాప మధ్యలో చుట్ట చుట్టుకుని పడుకుంది. చిన్నప్పుడు వాడు నా పక్కలో పడుకునేవాడే, అలాగే."

సియేని రాళ్ళ కుప్ప వైపు చూసింది. తమ్ముడి కోసం తాను ఏడ్చినదంతా ఆ రాళ్ళ ముందే. అప్పుడు వాడు కింద నుంచి వింటూ ఉన్నాడేమో.

"తీసేద్దాం అత్తా. ఇప్పుడే."

"తీస్తే? సమాధి అబద్ధమంటారు. ఊరు పూచీ ఇవ్వదు. నీ వీసా పోతుంది, మిగతా పిల్లలవీ పోతాయి. మనల్ని ఇల్లు విప్పుకుని ఊరు దాటిపొమ్మంటారు." ముసలామె దగ్గరికి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "నేను చెప్పేది విను. రేపు ఆ మాట చెప్పెయ్యి. వీసా తీసుకో. అక్కడికి వెళ్ళి వాణ్ణి వెతుకు. వీసా లేకుండా నువ్వు వాడి దగ్గరికి ఎలా పోతావే, ఈదుకుంటూ పోతావా?"

"చనిపోయాడని నా నోటితో నేను అన్నాక, పైన సిమెంటు పోశాక, అక్కడ వెతకడానికి ఏం మిగులుతుంది అత్తా?"

అకెనేసే ఆమె మణికట్టు వదిలేసింది.

ఊరి చివర శంఖం ఊదారు.

*

సాయంత్రపు ప్రార్థన వేళ సాతులేలో ఎవరూ బయట తిరగరు. కుర్రవాళ్ళు దారి పొడుగునా కర్రలు పట్టుకుని నిలబడతారు. బయటి ఊరి బండి వచ్చినా ఆపేస్తారు. ఆ కాసేపు ఊరు ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఇళ్ళకు గోడలు లేవు కనుక ప్రతి ఇంట్లో వంగిన తలలు పక్కింటికి కనిపిస్తాయి.

అకెనేసే కీర్తన ఎత్తుకుంది. రోజూ కంటే గట్టిగా పాడుతోంది. సియేని పెదవులు కదిలిస్తూ బయటికి చూస్తోంది. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. సముద్రం ఇనుప రంగులో ఉంది.

కోళ్ళు కెక్కరించడం ఎప్పుడు ఆపాయో ఆమెకు తెలియలేదు. చూసేసరికి అవన్నీ రాళ్ళ కుప్ప చుట్టూ చేరి ఉన్నాయి. ఇన్నాళ్ళూ దరికి రానివి మెడలు చాచి, ఒక్క చప్పుడూ చేయకుండా నిలబడ్డాయి. పెద్ద పెట్ట తల పక్కకి వాల్చి రెండు రాళ్ళ సందులోకి చూస్తోంది. పెట్టలు అలా ఎప్పుడు చూస్తాయో పల్లెలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. లోపల తినేది ఏదో కదులుతున్నప్పుడు.

సియేని లేచింది.

"కూర్చో," అంది అకెనేసే కీర్తన మధ్యలోనే. "ప్రార్థనలో లేస్తావా? కూర్చోవే!"

అప్పటికే ఆమె బయట ఉంది. పెట్టను కాలితో తన్నింది. మిగతావి రెక్కలు కొట్టుకుంటూ చెదిరిపోయాయి. మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు తీయడం మొదలుపెట్టింది. రెండు వరసల కింద మొగలి చాప అంచు కనిపించింది. వారాలుగా వాన లేదు. చుట్టూ మట్టి పొడిగా రాలుతోంది. చాప మాత్రం తడిసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే ఉప్పునీటి వాసన వచ్చింది.

ఆమె మడత విప్పింది.

జెర్రి బయటికి వచ్చింది. ఇన్నాళ్ళ చీకటికి కాబోలు, రంగు వెలిసిపోయి గోరు తెలుపులో ఉంది. సియేని చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అది ఆమె మణికట్టు మీదుగా పాకింది. ఇంతకుముందు అత్త పట్టుకున్నచోటే. కుట్టలేదు. కాళ్ళన్నీ చల్లగా తగిలాయి. దిగి, గులక దాటి, తిన్నగా సముద్రం వైపు నడవసాగింది.

పోనీ, అనుకుంది సియేని. పో నాన్నా, నీ ఒంట్లోకి నువ్వు పో.

"ఎవరక్కడ?"

ఇంటికీ సముద్రానికీ మధ్య దారి మీద తుయిమావె నిలబడి ఉన్నాడు. ప్రార్థన వేళ కాపలా ఎలా ఉందో చూడడానికి తిరిగే పెద్దల్లో ఆ సాయంత్రం వంతు ఆయనది. ఆయన ముందు ఆమెను చూశాడు, తర్వాత తీసిన రాళ్ళను, పరుచుకున్న చాపను చూశాడు. ఆఖర్న తన కాళ్ళ వైపు వస్తున్న జెర్రిని చూశాడు. ఎవరైనా చేసే పనే చేశాడు. కర్ర పైకెత్తాడు.

"కొట్టకండి పెద్దయ్యా!"

కర్ర గాలిలో ఆగింది. "ఏం?"

"అది... వాడు మా తమ్ముడు."

"అవును. చనిపోయిన మీ తమ్ముడు." తుయిమావె గొంతులో కోపం లేదు. అది మరీ భయం కలిగించింది. "చనిపోయినవాడికి నా కర్ర దెబ్బ ఏం చేస్తుందే? ఇంకోసారి చస్తాడా?"

ఆమె కళ్ళు కర్ర మీదే ఉన్నాయి.

"ప్రార్థన వేళ సమాధి తవ్వావు. అయినా మన్నిస్తాను, అక్కవు కనుక, దుఃఖంలో ఉన్నావు కనుక. రేపటి మాట ఇప్పుడే చెప్పెయ్యి. చనిపోయాడను. చెప్పాక ఇది ఒట్టి పురుగు, దీన్ని కొడతాను. నీ పేరు సోమవారం పట్నం పోతుంది. లేదూ బతికున్నాడంటావా, కర్ర దించుతాను. ఇక ఈ దీవి దాటడం ఈ జన్మకు మరిచిపో. నువ్వే కాదు, ఈ ఊళ్ళో ఏ తల్లి బిడ్డా దాటలేడు."

కీర్తనలు ఆగిపోయాయి. ఒక్కో ఇంట్లో తలలు పైకి లేచాయి. గోడలు లేని ఆ ఇళ్ళన్నిటిలోంచి ఊరు ఆమెనే చూస్తోంది. అకెనేసే ఇంటి స్తంభం పట్టుకుని నిలబడి, వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతోంది.

కొత్త సంచి కొనుక్కుంది సియేని. చలికోటు కొనుక్కుంది. తమ్ముడు నిలబడిన ఆ షెడ్డు వెనకకు తాను నడిచి వెళ్ళగల దారి ఈ లోకంలో ఒక్కటే ఉంది. దాని తలుపు ఈ ముసలాయన చేతిలో ఉంది.

"బతికే ఉన్నాడు," అంది గట్టిగా, ఊరంతా వినేలా. "నా తమ్ముడు ఫలనికో బతికే ఉన్నాడు."

తుయిమావె చాలాసేపు ఆమె వైపే చూశాడు. తర్వాత చెప్పిన మాట ప్రకారం కర్ర దించాడు.

అప్పటికి జెర్రి ఒడ్డు చేరింది. అల వచ్చి తగిలేంత దగ్గరగా ఉంది. ఇంకొక్క అంగుళం పోతే నీళ్ళే. అక్కడ ఆగింది. తాను చేసిందేమిటో సియేనికి అప్పుడు అర్థమైంది. ఆ మాటలో వాణ్ణి పేరు పెట్టి పిలిచింది.

జెర్రి మెల్లగా వెనక్కి తిరిగి, అక్క గొంతు వినిపించిన వైపు నడవడం మొదలుపెట్టింది.